శుక్రవారం మూడు సినిమాలు, ఒకటే జీతం

ప్రశ్న: మేడమ్, మేము కూకట్‌పల్లిలో ఉంటాం. చేతికొచ్చే జీతం 68,000. ఇంట్లో నలుగురం. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. నెలకు మూడు సినిమాలైనా చూస్తాం. కిందటి శనివారం ఖర్చు రాసి పెట్టాను: టికెట్లు 1,180, ఆన్‌లైన్ చార్జీలు 150, ఇంటర్వెల్‌లో తిండి 960, రాత్రి హోటల్ 1,350, క్యాబ్ 420. పోయిన నెల చిట్టీ వాయిదా పది రోజులు ఆలస్యంగా కట్టాను. ఈ వారం మళ్ళీ మూడు సినిమాలు వచ్చాయి. మా అభిమాన హీరోది ఒకటి, టికెట్ 400 దాటింది. మా ఆవిడ చిన్న ఫ్యామిలీ సినిమా అంటోంది. పాప స్నేహితులు చెప్పారని డబ్బింగ్ హారర్ సినిమా అంటోంది, దానికి 'ఏ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్. దేనికి డబ్బు పెడితే దండగ కాదు? సినిమాలు మానేయమని మాత్రం చెప్పకండి.

జవాబు: మానేయమని చెప్పను. వారమంతా ఎవరి పరుగు వాళ్ళది. నలుగురూ ఒకే వరుసలో కూర్చుని, ఒకేసారి నవ్వి, ఇంటికొచ్చేదాకా ఆ సినిమా గురించే మాట్లాడుకోవడం మీ ఇంటికి అవసరమైన ఖర్చే. నేనూ సినిమా పిచ్చిదాన్నే. అందుకే మీ ప్రశ్నను సీరియస్‌గా తీసుకున్నాను.

ముందు మీరు రాసిన లెక్కే చూద్దాం. మొత్తం 4,060. అందులో టికెట్ల వాటా 1,180, అంటే మూడో వంతు కూడా లేదు. నెలకు మూడుసార్లంటే 12,000 పైమాటే. మీ జీతంలో ఆరో వంతు దాటిపోయింది. చిట్టీ ఆలస్యమవడానికి కారణం ఇక్కడే ఉంది. ఏ సినిమా చూడాలన్న దాని కంటే, ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది చూడాలన్న దాని మీదే మీ డబ్బు ఎక్కువ ఆధారపడి ఉంది.

ఇక హీరో సినిమా. తెలంగాణలో 2021 డిసెంబరు జీవో ప్రకారం మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకు గరిష్ఠ ధర 250, జీఎస్టీ కలిపితే 295. ఏసీ సింగిల్ స్క్రీన్‌లో 150, జీఎస్టీతో 177. పెద్ద సినిమాలకు నిర్మాతలు ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుని మొదటి కొద్దిరోజులు ఆ పైన పెంచుతారు. 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏడీ'కి మల్టీప్లెక్స్ టికెట్ మీద 100 రూపాయలు పెంచుకోనిచ్చారు. 18 శాతం జీఎస్టీ కలిసి అది 413 అయింది. ఆ పెంపు ఎనిమిది రోజులే. అదే ఏడాది డిసెంబరులో 'పుష్ప 2' ముందురోజు రాత్రి షోకు 800 పెంచారు, మల్టీప్లెక్స్ టికెట్ 1,239కి వెళ్ళింది. పెరిగిన ఆ డబ్బు అందరికంటే ముందు చూడటానికి కట్టే ధర. తొమ్మిదో రోజు వెళ్ళినా అదే తెర, అదే సౌండు, అదే హీరో.

అయినా ముందు చూడటంలో ఉన్న ఆనందం నాకు తెలుసు. ఆ ఈలలు, కాగితాలు, పేరు పడగానే హాలంతా లేచి నిలబడటం రెండో వారంలో దొరకవు. మరి ఆ ఆనందం మీ ఇంట్లో ఎవరికి కావాలి? మీ ఉత్తరం చదివితే ఆ హీరో మీ హీరో అనిపించింది. మీ ఆవిడకు ఆ గోల నచ్చుతుందా? బాబుకు ఆ అరుపుల్లో డైలాగ్ ఒక్కటైనా వినపడుతుందా? అందుకని మీరొక్కరే, లేదా మీ స్నేహితుడితో కలిసి, శుక్రవారం సింగిల్ స్క్రీన్‌లో చూసి రండి. ఒక్క టికెట్టే కాబట్టి పెంచిన రేటైనా ఫరవాలేదు. కుటుంబాన్ని పెంపు పోయాక తీసుకెళ్ళండి, అది కూడా మీరు చూసొచ్చి 'పిల్లలకు నచ్చుతుంది' అనిపిస్తేనే. నలుగురికీ ముందే 1,600 పైన పెట్టి, గంట తర్వాత బాబు 'ఇంటికెళ్దాం' అని ఏడవడం కంటే ఇది మేలు.

ఆలస్యమైతే సినిమా వెళ్ళిపోతుందని టెన్షన్ పడతారేమో. పెద్ద సినిమాలు అంత తొందరగా వెళ్ళవు. 'కల్కి' జూన్ 27న వచ్చి ఆగస్టు 22న ఓటీటీలోకి వచ్చింది. 'పుష్ప 2' డిసెంబరు 5న వచ్చి జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. రెంటికీ ఎనిమిది వారాలు. మామూలు ధరకు, మంచి సీట్లలో, పెద్ద తెర మీద చూసుకోవడానికి మధ్యలో కావలసినంత సమయం దొరికింది. అన్ని పెద్ద సినిమాలూ అలాగే ఉంటాయని అనుకోకండి. 'గుంటూరు కారం' 2024 జనవరి 12న వచ్చి ఫిబ్రవరి 9కే నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. అయినా నాలుగు వారాలు మిగిలాయి కదా.

చిన్న సినిమా సంగతి దీనికి తలకిందులు. మనవాళ్ళు పెద్ద సినిమాకు మొదటిరోజు పరిగెత్తి, చిన్నదాన్ని 'వచ్చే వారం చూద్దాంలే' అని వాయిదా వేస్తారు. వచ్చే శుక్రవారం కొత్త సినిమాలు దిగగానే ముందు షోలు పోయేది ఆ చిన్నదానికే. మిగిలిన ఒక్క షో ఉదయం పదింటికో, ఊరవతలి థియేటర్‌లోనో ఉంటుంది. కాబట్టి థియేటర్‌లో చూడాలనుకుంటే ఈ వారమే చూడాలి. లేదంటే నిశ్చింతగా వదిలేసి ఓటీటీ కోసం ఆగాలి. 'బలగం' 2023 మార్చి 3న వచ్చి అదే నెల 24న ప్రైమ్‌లోకి వచ్చింది. 'కోర్ట్' 2025 మార్చి 14న వస్తే ఏప్రిల్ 11న నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. మీరు ఓటీటీకి నెలనెలా కడుతున్నారా? కడుతుంటే ఆ డబ్బు ఎటూ పోతోంది, ముందు దాన్ని వాడుకోండి.

చూడాలా ఆగాలా అన్నది ఎలా తేల్చుకోవాలి? అమెరికాలో ప్రీమియర్లు మనకంటే ముందే పడతాయి కాబట్టి శుక్రవారం పొద్దునకే టాక్ వచ్చేస్తుంది. ఆ తొలి టాక్‌ను నేను పట్టించుకోను. అది అభిమానులదో, వాళ్ళంటే గిట్టనివాళ్ళదో అయి ఉంటుంది. శనివారం సాయంత్రం మీలాంటి ఇంటివాళ్ళు, అంటే మీ అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో వెళ్ళొచ్చినవాళ్ళు ఏమంటున్నారో కనుక్కోండి. 'బాగుందా' అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. 'సెకండాఫ్‌లో పిల్లలు కదలకుండా కూర్చున్నారా' అని అడగండి. నేను అలాగే అడుగుతాను. నవ్వించే సినిమా అయితే నాది థియేటర్ ఓటే, నిండిన హాల్లో నవ్వు రెట్టింపవుతుంది. నాలుగు గోడల మధ్య మాటలతో నడిచే కథకు ఇంట్లో టీవీ చాలు.

హారర్ సినిమాకు టికెట్ కొనకండి. పాపకు కోపం వచ్చినా సరే. 'ఏ' సర్టిఫికెట్ సినిమాకు 18 నిండనివాళ్ళను తల్లిదండ్రులు పక్కనున్నా లోపలికి రానివ్వకూడదు. యూఏ 7+, 13+, 16+ గుర్తులు వేరు. అవి పిల్లలకు చూపించాలో లేదో తల్లిదండ్రులు తేల్చుకోవడానికి ఇచ్చే సూచనలు. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను, అందులో నేనూ ఉన్నాను. మా అక్క కూతురికి పదిహేనేళ్ళప్పుడు గేటు దగ్గర ఆపేశారు. బుకింగ్‌లో వయసు హెచ్చరిక వచ్చినప్పుడు చదవకుండా నొక్కింది నేనే. ఆరు టికెట్ల డబ్బు పోయింది. అంతకంటే ఆ పిల్ల అందరి ముందూ తల దించుకుని నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తుంది. 2025 ఆగస్టు 14న 'కూలీ' 'ఏ' సర్టిఫికెట్‌తోనే విడుదలైంది. పెద్ద హీరో సినిమా కదా, పిల్లలకు పనికొస్తుందిలే అనుకోవడానికి వీల్లేదని దాంతో తెలిసింది.

కాబట్టి ఈ వారానికి నా సలహా ఇది. శుక్రవారం మీరు. ఆదివారం టాక్ బాగుంటే నలుగురూ చిన్న సినిమాకు, మీకు దగ్గర్లోని సింగిల్ స్క్రీన్‌లో మ్యాట్నీకి. టికెట్లు 708. వీలైతే కౌంటర్‌లో కొనండి, ఆన్‌లైన్ చార్జీ మిగులుతుంది. ముందు తరగతుల్లో 100 లోపు టికెట్లుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి మీద జీఎస్టీ 5 శాతమే, అంతకు ముందు 12 ఉండేది. అన్నం తిని బయల్దేరితే ఇంటర్వెల్‌లో ఒక పెద్ద పాప్‌కార్న్ నలుగురికీ సరిపోతుంది. మంచినీళ్ళు కొనక్కర్లేదు. బయటి తిండి ఆపే హక్కు థియేటర్లకు ఉన్నా, తాగునీరు ఉచితంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. అడగడానికి మొహమాటపడకండి. సాయంత్రం హోటల్ మానేస్తే ఆ వంట మీ ఆవిడ మీద పడుతుంది, అది న్యాయం కాదు. దార్లో టిఫిన్ సెంటర్ దగ్గర ఇడ్లీ, దోశ తినేసి ఇంటికి వెళ్ళండి.

ఇక నెలల లెక్క. సినిమాకు ఏడాదికి 36,000 పెట్టుకోండి. నెలకు 3,000 చొప్పున జీతం పడ్డరోజే వేరే బ్యాంకు ఖాతాలోకి పంపి, టికెట్లు, తిండి, క్యాబ్ అన్నీ అందులోంచే కట్టండి. నెలనెలా సమానంగా ఖర్చు పెట్టాలని లేదు. సంక్రాంతికి మూడు సినిమాలు ఒకేసారి వస్తాయి, వేసవి సెలవుల్లో పిల్లలు ఊరుకోరు, దసరాకు చుట్టాలొస్తారు. పిల్లల పరీక్షల నెలలో ఒక్కటీ చూడకపోతే ఆ డబ్బు పండక్కి పనికొస్తుంది. నెలకు సుమారు 9,000 మిగులుతుంది. అందులో 4,000 చిట్టీ ఆలస్యం కాకుండా పక్కన ఉంచండి. మిగతా 5,000 నెలనెలా పోస్టాఫీసు ఆర్డీలో (రికరింగ్ డిపాజిట్‌లో) వేస్తే, 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్ళకు దాదాపు 3 లక్షల 56 వేలవుతుంది. అప్పటికి మీ పాప ఇంటర్ పూర్తిచేసి కాలేజీ ఫీజు దగ్గర నిలబడి ఉంటుంది.

పాపను ఈ లెక్కలో కూర్చోబెట్టండి. ఖాతాలో ఎంత ఉందో చూపించి, సంక్రాంతికి ఏ సినిమా చూడాలో తననే ఎంచమనండి. హారర్ సినిమా కాదన్న కోపం ఆ సాయంత్రానికే తగ్గుతుంది.