చంద్రుడి తెల్లటి పొర ఎక్కడిది?

ప్రశ్న: చంద్రుడు ఒకప్పుడు కరిగిన రాయేనని చంద్రయాన్-3 చెప్పిందట. ఒక్కచోట తిరిగిన రోవర్‌కి అదెలా తెలిసింది సార్?

జవాబు: మంచి ప్రశ్న. అసలు ఈ ఆలోచన 1969లో అపోలో-11 తెచ్చిన మట్టితోనే మొదలైంది. సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట అంగారకుడంత గోళం భూమిని గుద్దితే, ఎగిరిపడ్డ పదార్థం నుంచి చంద్రుడు పుట్టాడని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. అప్పుడు పైనుంచి వందల కిలోమీటర్ల లోతు దాకా శిలాద్రవమే. అది చల్లారుతుంటే బరువైన ఆలివిన్, పైరాక్సీన్ అనే ఖనిజాలు కిందికి దిగాయి, కాల్షియం, అల్యూమినియం ఉన్న తేలికైన ప్లేజియోక్లేజ్ అనే ఖనిజమేమో పాల మీద మీగడలా పైకి తేలి గట్టిపడింది. మనకు కనిపించే తెల్లటి భాగం అదే, అనార్థోసైట్ రాయి. నల్ల మచ్చలు తర్వాత పొంగిన బసాల్ట్ లావా.

అపోలో నమూనాలన్నీ మధ్యరేఖకు కాస్త దగ్గర ప్రాంతాలవి. 2023లో చంద్రయాన్-3 రోవర్, మన ప్రజ్ఞాన్, దక్షిణ ధ్రువం వైపు, 69 డిగ్రీల అక్షాంశం దగ్గర 23 చోట్ల మట్టిని పరీక్షిస్తే అక్కడా ఇదే రకం రాయి! అంత దూరంలోనూ అదే ఉందంటే, శిలాద్రవం చంద్రుణ్ణంతా కప్పి ఉండేదన్న వాదనకు గట్టి బలం. మెగ్నీషియం మాత్రం కొంచెం ఎక్కువ కనిపించింది, అది దక్షిణ ధ్రువం దగ్గరి ఐట్కెన్ మహాబిలం (ఏదో గోళం గుద్దడంతో పడ్డ పెద్ద గొయ్యి) ఏర్పడ్డప్పుడు లోపలి పొరల నుంచి పైకొచ్చి పడి ఉండొచ్చని ప్రజ్ఞాన్ ఫలితాలను పరిశీలించిన శాస్త్రవేత్తల బృందం అంచనా.