కార్తీక దీపాల దగ్గర ఫోటోలన్నీ షేక్ అవుతున్నాయి, కొత్త కెమెరా కొనాలా?

కొన్నప్పుడు కెమెరాతోపాటే వచ్చిన కిట్ లెన్స్ ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో (లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరా) దీపాల దగ్గర అమ్మ ఫోటోలు తీస్తే షేక్ అవుతున్నాయి, లేదంటే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తోంది, కెమెరా మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. నేను అలాంటి కెమెరాతోనే ఆరేళ్లుగా రాజమండ్రి పుష్కర ఘాట్‌లో కార్తీక దీపాలు తీస్తున్నాను. మొదటి రెండేళ్లు మీ పరిస్థితే నాదీ.

మొదటి ఏడు ఆటోలో పెట్టి తీశాను. ఫ్లాష్ వెలిగింది. మా అమ్మ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది, చేతిలో దీపం వెలుగు కనపడకుండా పోయింది, వెనక గోదావరి నల్లటి గోడలా ఉంది. రెండో ఏడు ఫ్లాష్ ఆపేశాను కానీ, ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును ఎంతగా పెంచి చూపాలో చెప్పే అంకె) పెంచితే గ్రెయిన్ వస్తుందని ఎవరో అంటే విని 400 దాటనివ్వలేదు. షట్టర్ 1/8కి, అంటే సెకనులో ఎనిమిదో వంతు సేపు తెరిచి ఉండేంత నెమ్మదికి, పడిపోయింది. తీసిన వాటిలో ఒక్కటి కూడా స్పష్టంగా లేదు. అప్పుడు అర్థమైంది: గ్రెయిన్ ఉన్న ఫోటోను ప్రింటు వేసి గోడకు పెట్టుకోవచ్చు, షేక్ అయిన ఫోటోను ఏమీ చేయలేం. ఐఎస్‌ఓ తగ్గించి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే గ్రెయిన్ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది కూడా.

అందుకే ఇప్పుడు ముందు షట్టర్ స్పీడ్ నిర్ణయించుకుంటాను. నికాన్‌లో ఎస్ (S), కెనాన్‌లో టీవీ (Tv) అని ఉండే, షట్టర్‌ను మనమే ఎంచుకునే మోడ్ పెట్టి, ఐఎస్‌ఓ ఆటోలో ఉంచి, దాని పరిమితి 6400 ఇవ్వండి. షట్టర్ 1/50. ఈ అంకెకు కారణం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ అంతకంటే వేగంగా పెడితే ఫోటోలో అడ్డంగా చారలు వస్తాయి. 1/50, 1/100 దగ్గర ఆ బాధ ఉండదు. లెన్స్‌లో షేక్ తగ్గించే ఏర్పాటు ఉన్నా అది మీ చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్లు కదిలితే ఆపలేదు.

జూమ్ చేయకండి. మీ 18-55 ఎంఎం కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్ 3.5, 55 దగ్గర ఎఫ్ 5.6. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు వచ్చే కన్నం చిన్నదవుతుంది. అంటే పూర్తిగా జూమ్ చేస్తే వెలుతురు రెండున్నర రెట్లు తగ్గిపోతుంది. 24, 28 మధ్య పెట్టి మీరే రెండు మెట్లు దిగి దగ్గరికి వెళ్లండి. ఘాట్ మెట్లకు పాచి ఉంటుంది, కెమెరాలో చూస్తూ మాత్రం ఒక్క అడుగు కూడా వేయకండి.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది మాత్రం కెమెరాలో లేదు, దీపం ఎక్కడుందన్నదే. చిన్న దీపాన్ని ముఖానికి మూర దూరం నుంచి అర మూరకు తెస్తే ముఖం మీద వెలుతురు నాలుగింతలవుతుంది. అమ్మ అరటి దొప్పను నీళ్లలో వదలడానికి వంగినప్పుడు తీస్తే దీపం కింద, ముఖం చీకట్లో. అందుకని వదిలేముందు రెండు చేతులతో గుండెల దాకా ఎత్తి దణ్ణం పెట్టుకునే క్షణం కోసం ఆగుతాను. ఆవిడ ఎలాగూ అప్పుడు కళ్లు మూసుకుని కదలకుండా నిలబడుతుంది. పైట, జుట్టు జాగ్రత్త. పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగిస్తారు కదా, ఆ మంట పెద్దది, దాన్ని దగ్గరికి తేనక్కర్లేదు. మూరన్నర దూరంలో కూర్చున్న ముఖం కూడా చక్కగా వస్తుంది.

ఫోకస్ చీకట్లో అటూ ఇటూ వెతుకుతుంటే మధ్యలో ఉన్న ఒక్క పాయింటే ఎంచుకుని నుదుటి బొట్టు అంచు మీద పెట్టండి. ఎరుపూ చర్మం రంగూ కలిసే గీత కాబట్టి కెమెరా త్వరగా పట్టుకుంటుంది. వెనకంతా నలుపే ఉంటే కెమెరా ఆ నలుపును కూడా వెలిగించాలని చూస్తుంది, మంట తెల్లటి మచ్చ అయిపోతుంది. ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుతురుగా రావాలన్న సెట్టింగు) మైనస్ 1 చేయండి. రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌లో బల్బు గుర్తు పెడితే ముఖం మరీ నారింజ రంగులోకి పోదు, దీపపు పసుపు కూడా మిగులుతుంది. మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి సగం వదిలి, వరసగా నాలుగు తీయండి. మొదటిది వేలి నొక్కుడుకు కదిలినా తర్వాతి వాటిలో ఒకటి నిలుస్తుంది.

వేళ కూడా చూసుకోండి. నవంబరులో మాకు ఐదున్నర లోపే పొద్దు గూకుతుంది. మా ఘాట్ తూర్పు గట్టున ఉంది కాబట్టి ఆ తర్వాత ఇరవై నిమిషాలు అవతలి ఒడ్డున పడమట ఉన్న కొవ్వూరు వైపు ఆకాశం నీలంగా నిలుస్తుంది. దీపం వెలుగూ ఆ నీలమూ సమానంగా ఉండే ఆ కాసేపట్లోనే నా మంచి ఫోటోలన్నీ వచ్చాయి. ఏడు దాటాక ఎంత తంటాలు పడ్డా వెనక నలుపే.

ఖర్చు పెట్టాలనే ఉంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొనండి, సెకండ్ హ్యాండ్‌దైనా సరే. మీ కిట్ లెన్స్ జూమ్ చివర ఇచ్చే దానికి దాదాపు పదింతల వెలుతురు లోపలికి వస్తుంది. మీది నికాన్ 3000, 5000 సిరీస్ బాడీ అయితే అందులో ఫోకస్ మోటారు ఉండదు, లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఇంకో సంగతి, మీటరున్నర దూరం నుంచి ఎఫ్ 1.8లో తీస్తే స్పష్టంగా వచ్చేది ఆరేడు సెంటీమీటర్ల మందమే. దీపం మీద ఫోకస్ చేస్తే ముఖం మసకబారుతుంది.

పౌర్ణమి దాకా ఆగకుండా ఈ సాయంత్రమే తులసికోట దగ్గర ఒక ప్రమిద వెలిగించి అమ్మను కూర్చోబెట్టి తీసి చూడండి. ఒక్క ప్రమిదే కాబట్టి కిట్ లెన్స్‌కు 1/30, ఐఎస్‌ఓ 6400 పడుతుంది, కాసేపు కదలొద్దని చెప్పండి. వచ్చిన ఫోటో, దాని సెట్టింగులు ఇక్కడ పెడితే ఏం మార్చాలో చెబుతాను.