కాలనీకి కొత్త లింకు రోడ్డు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కర్నూలు చుట్టూ ఇళ్లు ఊరికి దూరంగా లేస్తున్నాయి. జగన్నాథగట్టు మీద ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ల నుంచి కల్లూరు, ఓర్వకల్లు వైపు లేఔట్ల దాకా అందరి కష్టమూ ఒకటే: ఇల్లు చేతికొచ్చినా పెద్ద రోడ్డు నుంచి ఇంటిదాకా బాట ఉండదు. దాని మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కాలనీకి నల్లరేగడి చేలలోంచి 1.2 కిలోమీటర్ల లింకు రోడ్డు వేస్తున్నారు. పైగడ్డి చెక్కి, రోడ్డు వెడల్పు మేర తవ్వి, అందులో గరుసు (గ్రావెల్) పోస్తున్నారు. పక్క ఊరికి ఇలాగే వేసిన రోడ్డు రెండో ఎండాకాలానికే అంచుల దగ్గర పొడుగునా పగిలింది. మాదీ అంతేనా?
– ఒక పాఠకుడు, కల్లూరు

జవాబు: మీరు రాసినట్టే పని సాగితే మీదీ అంతే. గరుసు పోయడంలో తప్పు లేదు, కాలువలా తవ్వి పోయడంలో ఉంది. గరుసులోంచి నీళ్లు కిందికి దిగుతాయి, చుట్టూ ఉన్న రేగడి వాటిని బయటికి పోనివ్వదు. రోడ్డు కింద పొడుగునా తొట్టి కట్టినట్టవుతుంది.

అంచులు పగలడానికి కారణం ఇంకొకటి. తారు కింద నడిమి మట్టికి ఎండ తగలదు, దాని తేమ పెద్దగా మారదు. అంచు కింది రేగడి మాత్రం మార్చి నుంచి ఆరుతూ కుంచించుకుపోతుంది. అప్పుడు తారు చివరి నుంచి అడుగు, రెండడుగుల లోపల బీట వస్తుంది. వానాకాలంలో నీళ్లు ఆ బీటలోంచి దిగి మట్టిని మెత్తబరుస్తాయి, బరువు బండి పోగానే అంచు కుంగుతుంది. పైన తారు పూసి మూసినా మరుసటి వేసవికి పక్కనే మళ్లీ పగులుతుంది.

ముందు మట్టి గుణం తెలుసుకోండి. పరీక్ష తేలిక. పూర్తిగా ఆరబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలత గాజుగొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ 100 మిల్లీలీటర్ల గీత దాకా పోసి ఒక రోజు కదపకుండా ఉంచాలి. నీళ్లలో మట్టి 18 గీత దగ్గర, కిరోసిన్‌లో 10 దగ్గర నిలిస్తే ఉబ్బు 80 శాతం. 50 శాతం దాటిన మట్టిని కట్టకు వాడకూడదు.

అలాంటి చోట రెండు దారులు. మొదటిది, పై అర మీటరు మంచి మట్టి లేదా గరుసుతో మార్చడం. రెండోది, ఉన్న రేగడిలోనే 3 నుంచి 5 శాతం సున్నం కలపడం. 15 సెంటీమీటర్ల మందానికి 4 శాతం లెక్కన చదరపు మీటరుకు దాదాపు 10 కిలోల సున్నం పడుతుంది. మట్టి పెళ్లలు చితికి, సున్నం సమంగా కలిస్తేనే ఫలితం. పైన చల్లి రోలరు తిప్పేస్తే ఆ డబ్బు నేలపాలే. మనవైపు గరుసు క్వారీలు దగ్గరలో ఉంటే మొదటి దారే నయం, పని సరిగా జరిగిందో లేదో కంటితో చూసి చెప్పొచ్చు.

గరుసు పొర తారు వెడల్పుతో ఆగకూడదు. తారుకు రెండు పక్కలా వదిలే మట్టి అంచుల (భుజాల) కిందుగా కట్ట వాలు దాకా సాగి బయటికి కనపడాలి. పక్క కాలువ అడుగు గరుసు పొర అడుగు కంటే కిందికి ఉండాలి. ఈ రెండూ ఉంటే రోడ్డు కింద నీళ్లు నిలవవు.

ఒక్కో పొరకు గరుసు ఎంత పడాలో మీరే లెక్క కట్టవచ్చు. 100 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు, దిమ్మిస చేశాక 15 సెంటీమీటర్ల మందం అంటే 112.5 ఘనపు మీటర్లు. దిమ్మిసలో తగ్గేది కలుపుకుంటే వదులుగా సుమారు 146 తోలాలి. యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. కాబట్టి 52 యూనిట్లు. ఏ 100 మీటర్లలోనైనా 35 యూనిట్లే పడితే పొర పది సెంటీమీటర్లే అన్నమాట. గరుసు తడిపి పిడికిట పట్టినప్పుడు బంకలా అంటితే అందులో బంకమన్ను ఎక్కువ, అది అడుగు పొరకు పనికిరాదు.

దిమ్మిస చేశాక ఒక్కో పొర 20 సెంటీమీటర్లు మించకూడదు. మందంగా పోసి ఒకేసారి రోలరు తిప్పితే పైన గట్టిగా, అడుగున గుల్లగా ఉంటుంది. పని ముగిశాక నిండు టిప్పరును మెల్లగా నడిపించండి. చక్రం కింద నేల అలలా ఊగితే ఆ చోటు తవ్వి మళ్లీ చేయాల్సిందే.

ప్రశ్న: రోడ్డుకు అడ్డంగా చిన్న వంక ఉంది. ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటుందని 60 సెంటీమీటర్ల గొట్టాలు రెండు వేస్తామంటున్నారు. చాలుతాయా?
– ఒక పాఠకురాలు, ఓర్వకల్లు మండలం

జవాబు: ఎండిన వంకను చూసి గొట్టం కొలత తేల్చకూడదు. ఆ వంకలోకి ఎన్ని ఎకరాల నీరు దిగుతుందో చూడాలి. 50 ఎకరాలు, అంటే 20 హెక్టార్లు అనుకుందాం. గంటకు 60 మిల్లీమీటర్ల వాన, అందులో సగం పారితే సెకనుకు 1.67 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. 60 సెంటీమీటర్ల గొట్టం మామూలు వాలులో అర ఘనపు మీటరు కూడా పంపలేదు. రెండూ కలిసినా సగానికి కొంచెం ఎక్కువ, అదీ పూడిక లేనప్పుడు. మిగతా నీరు రోడ్డెక్కి పారి, దిగువ అంచును కోసేస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచిన సంగతి కర్నూలువాళ్లకు చెప్పక్కర్లేదు. అంత వరద రాకపోయినా గంటసేపటి గట్టివాన చాలు ఇలాంటి కల్వర్టు తెగడానికి.

ఈ లెక్కకు మీటరు వ్యాసం గొట్టాలు రెండు అడగండి. గొట్టం మీద కనీసం 60 సెంటీమీటర్ల మట్టి ఉండాలి, లేదంటే టిప్పర్ల బరువుకు పగులుతుంది. అంత ఎత్తు దొరకని చోట, సర్కారు తుమ్మ కంప కొట్టుకొచ్చే వంకల్లో గొట్టాలకన్నా బాక్సు కల్వర్టు మేలు. గొట్టం అడుగు వంక అడుగుతో సమంగా ఉండాలి. పైకి ఉంటే దిగువన గుంత పడుతుంది, కిందికి ఉంటే ఒక్క వానకే పూడుతుంది. దిగువన రాతి పరుపు వేయించండి. బిల్లు తగ్గించాలనుకున్నప్పుడు ముందు తీసేసేది దాన్నే.

ప్రశ్న: ముందు రోడ్డు వేయించుకుని, కొళాయి పైపులు తర్వాత వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. పైపులు ముందే వేయించండి. నిధులు రాలేదంటే, కనీసం రోడ్డుకు అడ్డంగా తగిన చోట్ల ఖాళీ గొట్టాలు పూడ్పించి, రెండు చివరలా గుర్తురాళ్లు పాతించండి. తర్వాత కోసిన రోడ్డులో మట్టి ఒకేసారి నింపి పైన కాంక్రీటు పూస్తారు, అది మొదటి వానకే కుంగుతుంది. కోయక తప్పకపోతే, 15–20 సెంటీమీటర్ల పొరలుగా నింపి దిమ్మిస చేయించండి. పైపొరను గాడి కంటే రెండు పక్కలా అడుగు ఎక్కువ కోసి కొత్తగా వేయాలి.

ప్రశ్న: కాలనీ రోడ్డుకు మా చేనిలో 8 సెంట్లు పోతోంది. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమంటున్నారు. ఏం చూసుకోవాలి?
– ఒక రైతు, కర్నూలు రూరల్

జవాబు: ముందు ఉమ్మడి కొలత అడగండి. సర్వేయరు ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) పటం పెట్టుకుని మీ ఎదుటే కొలవాలి. పోయే విస్తీర్ణం, చెట్లు, బోరు, పైపులైను, గట్టు అన్నీ రాయించాలి. విస్తీర్ణం, ధర ఖాళీగా వదిలిన కాగితం మీద సంతకం పెట్టవద్దు.

2013 భూసేకరణ చట్టం ప్రకారమైతే, తొలి నోటిఫికేషన్ వచ్చాక 60 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. మార్కెట్ విలువకు రిజిస్ట్రేషన్ ధరను, గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటును పోల్చి పెద్దది తీసుకుంటారు. పల్లె భూమికి దాన్ని 1 నుంచి 2 మధ్య గుణకంతో హెచ్చిస్తారు. చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తానికి నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం) చేర్చాలి. గుణకం 1 అనుకున్నా, సెంటు లక్ష అయితే 8 లక్షలకు మరో 8 లక్షలు చేరి 16 లక్షలవుతుంది. బేరం మీద ఇస్తున్నా ఈ లెక్క చేతిలో పెట్టుకునే మాట్లాడండి.

అవార్డు (కలెక్టరు తేల్చిన పరిహారం) సొమ్ము చాలదనిపిస్తే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి తీసుకోండి. ఆ మాట రాయకుండా తీసుకుంటే తర్వాత ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు చెప్పినప్పుడు మీరు అక్కడే ఉంటే 6 వారాల్లోపు కలెక్టరుకు 64వ సెక్షను కింద దరఖాస్తు పెట్టాలి. రోడ్డు మీ చేనిని రెండు ముక్కలు చేస్తుంటే, బోరు నీళ్లు అవతలికి పోవడానికి రోడ్డు కింద గొట్టం ఇప్పుడే రాయించుకోండి. తారు పడ్డాక తవ్వనివ్వరు.

ప్రశ్న: లింకు రోడ్డును హైవేకు కలిపేచోట డివైడరు తెరిపించాలని కాలనీ కోరుతోంది. సాధ్యమేనా?

జవాబు: 44 గానీ 40 గానీ, జాతీయ రహదారికి కొత్త బాట కలపాలంటేనే ముందు అనుమతి కావాలి. ఇష్టం వచ్చినచోట డివైడరు తెరవనివ్వరు, తెరవకపోవడమే మీ పిల్లలకు మంచిది. అడగాల్సింది దగ్గరి అండర్‌పాస్ లేదా జంక్షన్ దాకా సర్వీసు రోడ్డు. అది లేకపోతే జనం రాంగ్ సైడులో నడుపుతారు, చావులు అక్కడే జరుగుతాయి. కలిసేచోట మీ రోడ్డు లంబంగా రావాలి, చివరి 15 మీటర్లయినా చదునుగా ఉండాలి. ఎక్కుడు మీద ఆగిన ఆటో కదలలేక వెనక్కి జారుతుంది. మూల మీద బంకులు, ఫ్లెక్సీలు పెట్టనివ్వకండి.

ప్రశ్న: ఎస్టిమేటు చూపించమంటే ఎవరూ చూపించడం లేదు.

జవాబు: సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపై కార్యాలయాలకు 10. గడువు 30 రోజులు. ‘రోడ్డు వివరాలు ఇవ్వండి’ అని మాత్రం రాయకండి. మంజూరైన అంచనా, ఒప్పందం, దిమ్మిస పరీక్షల ఫలితాలు, కొలతల పుస్తకం (ఎం.బుక్కు) నకళ్లు అని విడివిడిగా అడగండి. పనిని దగ్గరుండి చూసే హక్కు, వాడిన సరుకు నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉన్నాయి. గరుసు నమూనా తారు పడకముందే అడగండి.