మైగ్రేన్ అన్నారు, మెదడులో ఫంగస్ తేలింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పలమనేరు. మా తమ్ముడికి నాలుగేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది, రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ మందు వాడుతున్నాడు. తలనొప్పి, వాంతులతో తిరుపతిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి మూడు వారాలు తిరిగాం. మైగ్రేన్ అన్నారు, తర్వాత సైనస్ అన్నారు. సీటీ స్కాన్ నార్మల్‌గా ఉందని పంపేశారు. చూపు మసకబారాక వేలూరు తీసుకెళ్తే, వెన్నునీరు తీసి పరీక్షించి క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు పట్టిందన్నారు. ప్రాణం దక్కింది కానీ చూపు పూర్తిగా రాలేదు. కేసు వేయొచ్చా? ఆసుపత్రివాళ్లు రికార్డులు కూడా ఇవ్వడం లేదు.

జవాబు: వేయొచ్చు. అయితే జబ్బు ఆలస్యంగా తేలిందన్న ఒక్క మాటతో గెలవలేరు. ఆ రోజు ఆ డాక్టరుకు తెలిసిన విషయాలతో, అదే వైద్యం చేసే మరో సాధారణ డాక్టరు ఏం చేసి ఉండేవారన్నదే వినియోగదారుల కమిషన్ చూస్తుంది.

అందుకే ముందు మొదటి రోజు ఓపీ చీటీ వెతకండి. అందులో కిడ్నీ మార్పిడి సంగతో, టాక్రోలిమస్ పేరో రాసి ఉంటే మీ కేసుకు బలం ఉంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకు ఈ జబ్బు వారాల తరబడి మెల్లగా ముదురుతుంది. జ్వరం పెద్దగా ఉండకపోవచ్చు, మెడ బిగుసుకోకపోవచ్చు. సీటీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదు. వెన్నునీటి ఒత్తిడి కొలవాలి, ఆ నీటికి ఫంగస్‌ను మైక్రోస్కోపులో చూసే ఇండియా ఇంక్ పరీక్ష, దాని ఆనవాళ్లు పట్టే క్రిప్టోకాకల్ యాంటిజెన్ పరీక్ష చేయాలి. యాంటిజెన్ పరీక్ష రక్తంతోనూ చేయొచ్చు. ఇవేవీ ఎందుకు ఆలోచించలేదో ఆసుపత్రి చెప్పుకోవాల్సి వస్తుంది.

మార్పిడి సంగతి మీరు చెప్పకపోతే కేసు బలహీనపడుతుంది. అడగాల్సిన బాధ్యత డాక్టరుదే అని వాదించొచ్చు కానీ, అది కష్టమైన వాదన. ఇంకొకటి. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని మనవాళ్లకు ఒక భయం. ఆ భయంతో పరీక్ష వద్దని మీవాళ్లెవరైనా సంతకం పెట్టారా? పెట్టి ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి, అవతలివాళ్లు మొదట చూపించేది ఆ కాగితాన్నే.

రికార్డుల కోసం నోటిమాటగా అడగొద్దు. రోగి సంతకంతో రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పోస్టు రసీదే మీకు సాక్ష్యం. ఒరిజినల్ చీటీలు ఎవరికీ ఇవ్వకండి.

చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కు పరిగెత్తుతారు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలంది. మీ విషయంలో ఆ దారి వద్దనే నా అభిప్రాయం. వినియోగదారుల కమిషన్ మేలు. మీరుండే చోటే ఫిర్యాదు చేయొచ్చు కాబట్టి చిత్తూరు చాలు. ఆసుపత్రికి కట్టింది 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. జబ్బు బయటపడిన రోజు నుంచి అని వాదించొచ్చు కానీ, తిరుపతిలో చివరిసారి చూపించిన రోజు నుంచే లెక్కేసుకోవడం క్షేమం.

మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చిన కిషన్‌రావు కేసులో, ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని నమ్ముకోకండి, మీది అంత తేలిక విషయం కాదు. వేలూరు డిశ్చార్జి సమ్మరీ జబ్బేమిటో చెబుతుంది, తప్పెవరిదో చెప్పదు. న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) దగ్గరో, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) దగ్గరో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ఫిర్యాదు మాత్రం మీ తమ్ముడి పేరు మీదే వేయించండి.