ఫలకం మీద ఏం రాయించాలి?

సైనిక కుటుంబాల సందేహాలకు సమాధానమిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఎంచుకున్నాను. మూడూ మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీలో పనిచేస్తూ ప్రాణాలు విడిచిన జవాన్ల గురించే. నేనూ అదే రెజిమెంటులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి మొదటి సమాధానం కొంచెం పొడుగైంది. పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: మా అన్నయ్య మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ జవానుగా 1987 చివర్లో శ్రీలంకలోని జాఫ్నా దగ్గర చనిపోయాడు. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఇంటికి అస్థికలు మాత్రమే వచ్చాయి. ఇన్నేళ్ల తరువాత అన్నయ్య చదివిన బడిలో ఒక ఫలకం పెడతామని పూర్వ విద్యార్థులు ముందుకొచ్చారు. ఫొటో వేసి, కింద ‘వీర జవాన్’ అని రాయిస్తే చాలంటున్నారు. మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ అంటే మిలిటరీ బళ్లు బాగుచేసే మెకానిక్కుల దళమని ఊళ్లో చాలామంది అనుకుంటున్నారు. నిజం చెప్పాలంటే అన్నయ్య అక్కడ ఏ పని చేసేవాడో మాకూ సరిగ్గా తెలియదు. ఫలకం మీద ఏం రాయించాలి?
— ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మెకానిక్కుల దళం అన్న మాట నేనూ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి వింటున్నాను. సెలవు మీద వచ్చినప్పుడు మా అత్తగారి ఊళ్లో ఒక పెద్దాయన నన్ను పొలానికి తీసుకెళ్లి మోటారు పంపు చూపించాడు. మీ అన్నయ్య మెకానిక్కు కాదు, పదాతి సైనికుడు. ట్యాంకుల వేగానికి కాలినడక సిపాయి అందుకోలేడు, పదాతి దళం తోడు లేకుండా ట్యాంకులు ఒంటరిగా వెళితే దెబ్బతింటాయి. అందుకే తుపాకీ పట్టిన సిపాయిని కవచమున్న బండిలో ఎక్కించి, ట్యాంకుతోపాటు నడిపించి, అవసరమైన చోట దింపి పోరాడించే పద్ధతి వచ్చింది. ఆ పని కోసమే 1979లో, అప్పటికే పేరుపడిన వేర్వేరు రెజిమెంట్ల పాత బెటాలియన్లను కొన్నిటిని కలిపి మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ రెజిమెంటును ఏర్పాటు చేశారు. తరువాతి కాలంలో సైన్యాధిపతి అయిన జనరల్ సుందర్‌జీ దీనికి ప్రాణం పోసినవారిలో ముఖ్యుడు. రెజిమెంటు కేంద్రం మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో ఉంది. ఆ ఊరినే ఇప్పుడు అహల్యానగర్ అంటున్నారు.

ఆ బండిని మేము బీఎంపీ అంటాము. అందులో మనిషి కూర్చునే చోటును బట్టే అతని పని తెలుస్తుంది. ముందు భాగంలో డ్రైవరు, ఫిరంగి దగ్గర గన్నరు, బండిని నడిపించే కమాండరు, ఈ ముగ్గురూ బండి సిబ్బంది. మిగిలిన ఏడెనిమిది మంది ఎక్కువగా వెనక భాగంలో ఒకరి వీపు ఒకరి వైపు ఉండేటట్టు, ముఖాలు బయటి గోడల వైపు తిప్పి కూర్చుంటారు. గోడలకు చిన్న రంధ్రాలుంటాయి, లోపలి నుంచే కాల్పులు జరపవచ్చు. రెండు వరుసల నడుమ ఉండేది ఇంధనం ట్యాంకు. వెనక తలుపుల్లో కూడా ఇంధనమే ఉంటుంది. వీపు వెనక డీజిలు పెట్టుకుని, నిటారుగా లేచి నిలబడే వీలు కూడా లేని ఇనుప గదిలో గంటల తరబడి వెళ్లి, తలుపు తెరుచుకోగానే పరుగెత్తుతూ దిగడం ఆ జవాను ఉద్యోగం. ‘వీర జవాన్’ అన్న రెండు మాటల్లో ఇదంతా ఎవరికీ కనబడదు. ఆ మాటలు తప్పని అనను, కాని ప్రతి ఊళ్లోనూ ప్రతి ఫ్లెక్సీ మీదా అవే ఉంటాయి. మీ అన్నయ్య గన్నరా, డ్రైవరా, వెనక కూర్చుని దిగి పోరాడినవాడా అన్నది తెలుసుకుని ఫలకం మీద రాయించండి. బడి పిల్లలు ఆగి చదివేది ఆ వాక్యమే.

అది తెలుసుకోవడానికి ముందు ఇంట్లోనే వెతకండి. ఆయన రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఏ ట్రంకుపెట్టెలోనో ఉండే ఉంటాయి. పంపినవారి చిరునామాలో సర్వీసు నంబరు, హోదా, కంపెనీ, బెటాలియన్, ఆ కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘99 ఏపీఓ’ అనో (ఏపీఓ అంటే సైనిక తపాలా కార్యాలయం) రాసి ఉంటుంది. మీ అమ్మగారికో వదినగారికో కుటుంబ పింఛను వచ్చి ఉంటే ఆ పింఛను ఉత్తర్వు మీద కూడా సర్వీసు నంబరు దొరుకుతుంది. ఆ నంబరు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళితే, వారి ద్వారా అహల్యానగర్‌లోని రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయించవచ్చు. బెటాలియన్‌కు నేరుగా, కమాండింగ్ ఆఫీసరు పేర కూడా రాయండి. పల్టన్‌లో, అంటే బెటాలియన్‌లో, మనుషులు మారుతుంటారు గాని, చనిపోయినవారి పేర్ల పట్టిక మారదు. చాలా పల్టన్లలో వారి ఫొటోలు పెట్టిన గది ఒకటి ఉంటుంది. మీ అన్నయ్యతో ఒకే బండిలో కూర్చున్నవారిలో ఒకరిద్దరు రిటైరై ఎక్కడో ఉంటారు, వారి ఫోన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి.

బెటాలియన్ పేరు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మా రెజిమెంటులో పాత బెటాలియన్లు కొత్త సంఖ్యతోపాటు పాత పేరును కూడా బ్రాకెట్లో ఉంచుకున్నాయి. ఒకప్పటి మద్రాస్ రెజిమెంటు మొదటి బెటాలియన్ ఇప్పుడు మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీ మొదటి బెటాలియన్. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో విమానాల నుంచి దిగి, రోజులు తిరగకముందే తన కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ దీవాన్ రంజిత్ రాయ్‌ని పోగొట్టుకున్న సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియన్ ఇప్పుడు మా నాలుగో బెటాలియన్. 1962లో చైనాతో జరిగిన యుద్ధంలో, లద్దాఖ్‌లోని సిరిజాప్ పోరులో పరమవీర చక్ర పొందిన మేజర్ ధన్ సింగ్ థాపా పనిచేసిన గూర్ఖా బెటాలియన్ మా మూడోది. అందుకని ఫలకం మీద బ్రాకెట్లోని పేరు వదిలేయవద్దు. వదిలేస్తే పల్టన్ నుంచి ఎవరైనా వచ్చి చూసినప్పుడు సగం పేరే రాశారనుకుంటారు.

ఇక పేరు చెక్కిన గోడల సంగతి. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ‘త్యాగ చక్ర’ అనే వలయం ఉంది. స్వాతంత్ర్యం తరువాత యుద్ధాల్లో, సైనిక చర్యల్లో ప్రాణాలిచ్చిన పాతికవేలకు పైగా సైనికుల పేర్లు అక్కడ గ్రానైట్ ఇటుకల మీద ఒక్కొక్కరికి ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. శ్రీలంకలో భారత శాంతి సేన జరిపిన సైనిక చర్య ‘ఆపరేషన్ పవన్’లో మరణించినవారి పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. పేరు ఏ గోడ మీద ఉందో చూపించే తెరలు అక్కడే ఉన్నాయి. ప్రతి సాయంత్రం చనిపోయిన ఒక సైనికుడి కుటుంబ సభ్యుల చేత పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం జరుగుతుంది, అందుకు ముందుగా పల్టన్ ద్వారానో సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానో అడగండి. శ్రీలంక పార్లమెంటు ఉన్న కోట్టేలో భారత శాంతి సేనకు వేరే స్మారకం ఉంది, అక్కడ మరణించిన దాదాపు 1,200 మంది పేర్లు దాని మీద ఉన్నాయి. అంత దూరం వెళ్లగలిగితే మంచిదే. వెళ్లలేకపోతే ఢిల్లీ గోడ మీది పేరుకు ఒక ఫొటో తీయించి బడిలో ఫలకం పక్కన పెట్టండి.

ఇంకో చిన్న మాట. మీరు తిథి ప్రకారం ఆబ్దికం పెడుతుండవచ్చు, పల్టన్ మాత్రం ఇంగ్లీషు తేదీనే లెక్కపెట్టుకుంటుంది. ఫలకం మీద ఇంగ్లీషు తేదీ రాయించండి.

ప్రశ్న: మా తమ్ముడు మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీలో డ్రైవరు. రాజస్థాన్ ఎడారిలో విన్యాసాలు జరుగుతుండగా బండి బోల్తాపడి చనిపోయాడు. మండల కార్యాలయం ముందు కట్టే స్తూపం మీద యుద్ధంలో చనిపోయినవారి పేర్లే వేస్తామని, తమ్ముడు అమరుల కిందికి రాడని ఒకాయన అన్నారు. అది నిజమేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: ఆ పెద్దమనిషి రెండు వేర్వేరు విషయాలను కలిపేశారు. సైన్యం మరణాలను రకరకాలుగా నమోదు చేస్తుంది. శత్రువుతో పోరులోనో, ఉగ్రవాదులతో కాల్పుల్లోనో జరిగినది ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’, మామూలు విధి నిర్వహణలో జరిగిన ప్రమాదం ‘ఫిజికల్ క్యాజువాల్టీ’. పింఛను దీన్ని బట్టే మారుతుంది: మొదటి దానికి చివరి జీతం మొత్తానికి సమానమైన కుటుంబ పింఛను, విధి కారణంగా జరిగిన మరణానికి అందులో 60 శాతం. ఢిల్లీ స్మారకంలో పేరుకు కూడా ఈ నమోదే కీలకం. మీ తమ్ముడి మరణాన్ని ఎలా నమోదు చేశారో, విచారణ నివేదికలో ఏముందో రికార్డు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి, ఎందుకంటే నిజమైన మందుగుండుతో సాగే విన్యాసాల్లో సంభవించే మరణాలను నిబంధనలు వేరుగా చూస్తాయి.

అయితే ‘అమరుడు’ అన్న మాటకు ఈ వర్గాలతో సంబంధం లేదు. ‘శహీద్’, ‘మార్టిర్’ వంటి పదాలు సైనిక నిబంధనల్లో లేవని ప్రభుత్వమే పార్లమెంటులో పలుమార్లు చెప్పింది. నిబంధనల్లోనే లేని పదాన్ని మీ తమ్ముడికి ఇవ్వడానికి గాని, నిరాకరించడానికి గాని మండలంలో ఎవరికీ హక్కు లేదు. నాకు తోచినది చెబుతాను: స్తూపం మీద వేరే శీర్షిక కింద, ‘దేశసేవలో, విధి నిర్వహణలో’ అని స్పష్టంగా రాసి పేరు వేయించండి. యుద్ధంలో పోయినట్టు రాయించకండి. పద్నాలుగు టన్నుల బండిని రాత్రిపూట దీపాలార్పి ఇసుక దిబ్బల మీద నడపడం ఎంత కష్టమో తెలిసినవారెవరూ ఆ మరణాన్ని తక్కువ చేసి చూడరు.

ప్రశ్న: మా నాన్నగారు సైన్యానికి బళ్లు తయారుచేసే ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మా వీధి కుర్రాడు ఒకడు మెకనైజ్డ్ ఇన్‌ఫెంట్రీలో చేరి, కశ్మీర్‌లో చనిపోయాడు. అతని విగ్రహం పక్కన సిమెంటుతో బీఎంపీ బొమ్మ కట్టిద్దామనుకుంటున్నాం. మీ సలహా?
— ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: తప్పకుండా కట్టించండి. బీఎంపీ-2ను ‘సారథ్’ పేరుతో తయారుచేసింది మీ ఎద్దుమైలారంలోనే, కాబట్టి ఆ బొమ్మకు మీ ఊరికంటే తగిన చోటు లేదు. భయమంతా శిల్పితోనే. ఇలాంటి బొమ్మలు చెప్పినవారికి చాలాచోట్ల పెద్ద గొట్టంతో ట్యాంకు కట్టిపెట్టారు. బీఎంపీ-2 ఫిరంగి 30 మిల్లీమీటర్లది, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పక్కన పట్టాల మీద చక్రాలు ఆరేసి. బండి ఎత్తు తక్కువ, ముందు భాగం పడవ మూతిలా ఏటవాలుగా ఉంటుంది, నీళ్లలో ఈదడానికి అలా చేశారు. ఈ కొలతలన్నీ మీ నాన్నగారికి కంఠతా వచ్చి ఉంటాయి, శిల్పి పక్కన ఆయన్నే కూర్చోబెట్టండి. వెనక రెండు తలుపులూ మాత్రం తెరిచి ఉన్నట్టు కట్టించండి. జవాను దిగేది అక్కడి నుంచే.