ఉత్తమ నటుడు, ఉత్తమ నటి... రెండు అవార్డులు దేనికి?

ప్రశ్న: దర్శకత్వానికి, ఎడిటింగ్‌కి, సంగీతానికి ఆడా మగా తేడా లేకుండా ఒకే అవార్డు ఇస్తారు. నటనకొచ్చేసరికి మాత్రం విడగొడతారు. పరుగు పందెం అంటే సరే, ఏడిపించి నవ్వించడానికి కండబలంతో పనేముంది?
– ఒక పాఠకురాలు

జవాబు: పనేమీ లేదండీ. 1984లో సహాయ నటి ఆస్కార్ లిండా హంట్‌కి వచ్చింది. ‘ద ఇయర్ ఆఫ్ లివింగ్ డేంజరస్‌లీ’లో ఆవిడ వేసింది బిల్లీ క్వాన్ అనే ఫొటోగ్రాఫర్ వేషం, అంటే మగ పాత్ర. మగవాడిగా నటించి నటీమణుల అవార్డు పట్టుకెళ్లింది, ఎవరూ గొడవ చెయ్యలేదు. దీన్నిబట్టి విడగొట్టేది పాత్రని చూసి కాదు, వేసిన మనిషిని చూసి అని తేలిపోయింది కదా. కాబట్టి నటనలోనే ఏదో తేడా ఉందని వాదించేవాళ్ల మాట నేనూ నమ్మను.

అయినా రేపటి నుంచే కలిపేద్దామంటే మాత్రం ఒప్పుకోను. కారణం మీ ప్రశ్నలోనే ఉంది. తేడా లేకుండా ఇస్తున్నారన్న దర్శకత్వం సంగతే చూడండి. ఆస్కార్లు 1929లో మొదలైతే, దర్శకత్వానికి అది అందుకున్న మొదటి మహిళ క్యాథరిన్ బిగెలో, అదీ 2010లో. తర్వాత 2021లో క్లోయీ జావ్, 2022లో జేన్ క్యాంపియన్. సినిమాటోగ్రఫీలో అయితే గెలవడం సంగతి అటుంచి, ఒక మహిళ పేరు నామినేషన్ల దాకా రావడానికే 2018 పట్టింది. ఆడవాళ్లు రాకూడదని రూల్ ఎక్కడా లేదు, ఛాన్సులిచ్చేవాళ్లూ ఓట్లేసేవాళ్లూ ఎక్కువమంది మగవాళ్లే అయితే రూల్‌తో పనేముంది? నటనలో మాత్రం మొదటి ఏడాదే ఉత్తమ నటుడు ఎమిల్ యానింగ్స్ పక్కన జానెట్ గేనర్ కూడా అవార్డు తీసుకుంది. ఆవిడ గొప్ప నటే, సందేహం లేదు. కానీ నటికంటూ విడిగా ఒకటి ఉండబట్టే ఆ గొప్పతనాన్ని పట్టించుకోక తప్పలేదు. (అన్నట్టు, ఆ మొదటి ఏడాది దర్శకత్వాన్ని కూడా కామెడీకి ఒకటి, డ్రామాకి ఒకటి అని విడగొట్టారు. మరుసటి ఏడాదే తీసేశారు. విభాగాలు రాతి మీద చెక్కినవేం కావు.)

ప్రశ్న: బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో 2021 నుంచి కలిపేశారు కదా. అక్కడ ఆడవాళ్లకి అన్యాయమేం జరగలేదే. మరి ఎందుకు భయం?
– ఇంకో పాఠకుడు

జవాబు: జరగలేదు, ఒప్పుకుంటాను. ప్రధాన పాత్రకిచ్చే అవార్డు వరసగా మారెన్ ఎగర్ట్, మెల్తెమ్ కప్తాన్, సోఫియా ఒతేరో, సెబాస్టియన్ స్టాన్, రోజ్ బర్న్‌లకి వచ్చింది. మొదటి ఐదేళ్లలో నాలుగుసార్లు ఆడవాళ్లకే, అందులో ఒతేరో అయితే పదేళ్లు కూడా నిండని పిల్ల. కానీ అక్కడ రెండు సంగతులున్నాయి, వాటిని వదిలేసి ఫలితం ఒక్కటే పట్టుకుంటే లాభం లేదు. బెర్లిన్ వాళ్లు అవార్డుల లెక్క తగ్గించలేదు. నటుడికొకటి, నటికొకటి పోయి ప్రధాన పాత్రకొకటి, సహాయ పాత్రకొకటి వచ్చాయి, అంటే ముందూ రెండే, తర్వాతా రెండే. ఇంకోటి, అక్కడ నిర్ణయించేది కొద్దిమంది జ్యూరీ. అందరూ ఒకేచోట సినిమాలు చూసి, ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటారు. “వరసగా మగవాళ్లకేనా?” అని అడిగే మనిషి ఒక్కరున్నా చాలు, మిగతావాళ్లు సమాధానం చెప్పుకోవాలి.

ఆస్కార్‌కి అలా కాదు. ఓటర్లు పది వేలకి దగ్గరగా ఉంటారు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఓటేస్తారు. ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ప్రచారం ఎవరు గట్టిగా చేస్తే ఆ పేరే ముందు గుర్తొస్తుంది. ఇలాంటి పెద్ద ఓటింగ్‌లో కలిపేస్తే ఏమవుతుందో బ్రిటన్ సంగీత అవార్డులు బ్రిట్స్ చూపించాయి. 2022లో కలిపారు, అడెల్ గెలిచింది, అందరూ చప్పట్లు కొట్టారు. 2023లో ఆర్టిస్ట్ ఆఫ్ ది ఇయర్ నామినీలు ఐదుగురూ మగవాళ్లే! పెద్ద రభస అయ్యింది, మరుసటి ఏడాది నామినేషన్లు పదికి పెంచారు. ఆ పెంచేదేదో మొదటే పెంచి ఉంటే సరిపోయేది.

ప్రశ్న: తాము ఆడా కాదు, మగా కాదు అని చెప్పే నటులు మరి ఏ విభాగంలో పోటీ చెయ్యాలి? వాళ్ల ఊసే ఎత్తరేం?
– పేరు వద్దన్నవారు

జవాబు: ఎత్తాల్సిందే. విడివిడిగా ఉంచాలనేవాళ్ల దగ్గర (నాతో కలిపి) దీనికి సరైన సమాధానం లేదు. 2023లో బ్రాడ్‌వే నాటకాల టోనీ అవార్డులప్పుడు జస్టిన్ డేవిడ్ సల్లివన్ అనే నటులు, నటుడిగానో నటిగానో ఏదో ఒకటి ఎంచుకోమంటే అసలు పోటీకే రానని తప్పుకున్నారు. అదే ఏడాది జె. హ్యారిసన్ గీ, అలెక్స్ న్యూవెల్ కూడా తాము ఏ ఒక్క వర్గానికీ చెందమని చెప్పినవాళ్లే, మగ నటుల విభాగాల్లో పోటీ చేసి గెలిచారు. ఇద్దరు సర్దుకున్నారు కదా అని మూడోవారిని సర్దుకోమనడం న్యాయం కాదు.

అందుకే నన్నడిగితే, కలపండి, కానీ లెక్క తగ్గించకండి. పదిమంది నామినీలు, ఇద్దరు విజేతలు, ఇద్దరికీ సమానమైన అవార్డు. స్విట్జర్లాండ్‌లోని లొకార్నో ఫిల్మ్ ఫెస్టివల్ 2023లో చేసింది ఇంచుమించు ఇదే, ఉత్తమ నటన పేరుతో రెండిచ్చారు, ఆ ఏడాది రెండూ ఆడవాళ్లకే వెళ్లాయి. అమెరికాలో ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డుల వాళ్లు కూడా కలిపి నామినేషన్లు పది చేశారు గానీ, విజేత ఒక్కరే. కొత్తగా వచ్చినవాళ్లకని ఇంకో విభాగం పెట్టినా సినిమా నటనకి నాలుగున్న అవార్డులు మూడయ్యాయి. పోయిన ఆ ఒక్కటీ ఎవరికి దక్కాల్సిందో మనకెప్పటికీ తెలీదు. ఇద్దరు విజేతలూ మగవాళ్లే అయిన ఏడాది ఏం చేస్తారని మీరు అడగొచ్చు. ఒక ఏడాదైతే ఊరుకుంటాను. వరసగా మూడేళ్లు అదే జరిగితే విభాగాలు మళ్లీ విడగొట్టమని ఇక్కడే రాస్తాను.

ప్రశ్న: ఆడా మగా సరే, సినిమా అంతా కనిపించినవాళ్లు సహాయ నటుల విభాగంలో దూరడం ఏంటండీ?
– ఒక సినిమా పిచ్చోడు

జవాబు: అది పాత రోగమే. 1944 నాటి ‘గోయింగ్ మై వే’లో ఒకే పాత్రకి బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్‌ని అటు ఉత్తమ నటుడిగా, ఇటు సహాయ నటుడిగా రెండు చోట్లా నామినేట్ చేశారు. సహాయ నటుడిగా గెలిచాడు కూడా. దాంతో ఒకే నటనకి రెండు నామినేషన్లు కుదరవని రూల్ మార్చారు. ఏ పేరుని ఏ విభాగంలోకి తొయ్యాలన్న లెక్క మాత్రం ఇప్పటికీ స్టూడియోల ప్రచారంలోనే నడుస్తోంది.