పోలీసు పెట్రోలింగ్‌కి బండ్లు అద్దెకిచ్చే ముందు

చిరంజీవి మురళికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన టెండరు కాగితాలు, చివర జత చేసిన అగ్రిమెంటు నమూనా పూర్తిగా చదివాను. నాలుగు బొలేరోలు డ్రైవర్లతో సహా, అత్యవసర నంబరు 112కి వచ్చే కాల్స్ కోసం ఇరవైనాలుగు గంటలూ స్టేషన్ల దగ్గర ఉండాలి. నెలకు ఎంత కోట్ చేయమంటావని అడిగావు. అంకె తర్వాత చూద్దాం. ఈ పనిలో బండి తిరిగినందుకు కాదు డబ్బు, పిలిచిన క్షణంలో కదిలేలా సిద్ధంగా ఉన్నందుకు. నీకిచ్చిన నమూనా మాత్రం ఆఫీసు క్యాబ్ అగ్రిమెంటుకే పేరు మార్చినట్టుంది. నెలకు 3000 కిలోమీటర్లు, ఆపైన కిలోమీటరుకు ఇంత అని రాశారు. నిలబడ్డ గంటల ఊసే లేదు.

రాత్రి జంక్షన్‌లో పాయింటు డ్యూటీలో, అంటే ఒకే చోట కాపలాగా నిలబడి ఉన్న బండి ఇంజను ఆపరు. లైట్ బారు, వైర్‌లెస్ సెట్టు, కాల్ వివరాలు వచ్చే ట్యాబు అన్నీ ఒకే బ్యాటరీ మీద నడుస్తాయి. ఎండాకాలం ఏసీ కూడా తోడు. మీటరు తిరగదు, డీజిల్ మాత్రం తరిగిపోతుంది. నీ బండే ఒకటి ట్యాంకు నిండా కొట్టించి, ఏసీ వేసి మూడు గంటలు నిలబెట్టు. మళ్లీ నింపితే గంటకు ఎంత తాగుతోందో తెలుస్తుంది. ఆ లెక్కతో నిలబడ్డ గంటకు వేరే రేటు అడుగు, లేదా డీజిల్ డిపార్ట్‌మెంటే పోయించేలా రాయించు. రెండూ కుదరకపోతే కనీసం ధర మార్పు షరతు ఉండాలి. బిడ్ చివరి తేదీన మీ ఊళ్లో లీటరు ధరను బేస్‌గా పెట్టుకోవాలి. లీటరుకు 12 కిలోమీటర్ల మైలేజీ అనుకుంటే 3000 కిలోమీటర్లకు 250 లీటర్లు. అంటే ధర ఒక్క రూపాయి పెరిగితే బండికి నెలకు 250 రూపాయలు పెరగాలి, తగ్గితే అంతే తగ్గాలి. రెండు వైపులా రాస్తే అకౌంట్స్ వాళ్లు కాదనడం కష్టం.

లైట్ బారు, సైరను ఎవరు బిగిస్తారన్నది ఒక్క వాక్యంలో తేల్చేశారు: "సరఫరాదారు బాధ్యత". దీన్ని చిన్నగా తీసుకోకు. ఊళ్లో ఎలక్ట్రీషియన్ హెడ్‌లైట్ వైరు మధ్యలో కోసి సైరనుకు కలిపేస్తాడు. నెల తిరక్కముందే ఫ్యూజు పోతుంది, ఖర్మ కాలితే వైరింగే కాలుతుంది, కంపెనీ వారంటీ ఇవ్వనంటుంది. బ్యాటరీ నుంచి నేరుగా విడి లైను, దానికి విడి ఫ్యూజు, రిలే పెట్టించు. బిగించాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఆ మార్పు పాలసీలో చేర్చినట్టు ఎండార్స్‌మెంట్ తెచ్చుకో. కాంట్రాక్టు అయిపోయాక రంగు, స్టిక్కర్లు, సైరను తీసేసే ఖర్చు ఎవరిదో కూడా ఇప్పుడే రాయించు. అవి తీయకుండా బండి బయట తిరిగితే కేసు నీ మీదే. బండ్లన్నీ పసుపు నంబరు ప్లేటువే పెట్టు. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల ప్లేటు బండిని అద్దెకు పెడితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

అందరూ దెబ్బతినేది డ్రైవర్ల లెక్కలో. వారానికి 168 గంటలు, చట్టం ప్రకారం ఒక డ్రైవరుకు 48. అంటే బండికి మూడున్నర మంది. సెలవులు, జబ్బులు కలిపితే నలుగురు. చాలామంది ఇద్దరిని పెట్టి పన్నెండేసి గంటలు నడిపిస్తారు. ఆ లెక్కలో ఒక్కొక్కడికి వారానికి 84 గంటలు. తెల్లవారుజామున మూడింటికి కన్ను మూతపడ్డ డ్రైవరు చేతిలో నలుగురు పోలీసుల ప్రాణాలుంటాయి. తక్కువ కోట్ చేయడానికి ఈ ఒక్క చోట మాత్రం కోయొద్దు. నాలుగు బండ్లకు పదహారు మంది అవుతారు. పది మంది ఉంటే ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ, యజమాని వాటా జీతం మీద 3.25 శాతం. ఐదో బండి పెడితే ఇరవై మంది అయి పీఎఫ్ వర్తిస్తుంది, అక్కడ 12 శాతం. "అవసరాన్ని బట్టి అదనపు బండ్లు అదే రేటుకు" అన్న షరతు నీ కాగితాల్లో ఉంది. ఐదో బండి అదే రేటుకు నీకు గిట్టదు, కొట్టేయించు.

జరిమానాల పేజీ ఇంకోసారి చదువు. పదిహేను నిమిషాల్లో స్థలానికి చేరకపోతే కాల్‌కి వెయ్యి అంటున్నారు. రైల్వే గేటు పడినా, కానిస్టేబుల్ బండెక్కడం ఆలస్యమైనా నీకే కోత. కాల్ ట్యాబులో పడ్డప్పటి నుంచి బండి కదిలేదాకా పట్టే సమయం వరకే నీ బాధ్యత అని మార్పించు, రెండు నిమిషాలు పెట్టుకో. టైముకు ఆధారం ఏమిటో కూడా రాయాలి. సిగ్నల్ లేని చోట జీపీఎస్ బండి ఆగినట్టే చూపిస్తుంది, అందుకని షిఫ్టు మారిన ప్రతిసారీ హెడ్ కానిస్టేబుల్ సంతకంతో లాగ్‌బుక్ నింపాలి. కిలోమీటరు రీడింగు, టైము, డీజిల్, బండి మీద కొత్త గీతలు అన్నీ. మొత్తం జరిమానా నెల బిల్లులో పది శాతం దాటకూడదని పరిమితి అడుగు. నెలకు ఒక రోజు సర్వీసింగుకు జరిమానా లేకుండా వదలమను. ఆ రోజు పెట్టడానికి స్పేరుగా ఇంకో బండి నీ షెడ్డులో ఉండాలి, దాని ఈఎంఐ కూడా నీ రేటులో కలుపుకో.

యాక్సిడెంటు షరతు అసలు లేనే లేదు. 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం సైరను, లైట్లు వేసుకుని అత్యవసరంగా వెళ్లే బండికి సిగ్నల్ దాటే వెసులుబాటు ఉంది, కానీ జాగ్రత్త తప్పితే కేసు డ్రైవరు మీదే పడుతుంది. "స్పీడు పెంచు" అని పక్క సీటులోంచి ఆర్డరిస్తే ఆ మాట కూడా లాగ్‌బుక్కెక్కాలి. ఎంవీఐ (మోటారు వాహన ఇన్‌స్పెక్టర్) తనిఖీ అయ్యేదాకా బండి స్టేషన్‌లో ఆగిపోతే ఆ రోజుల అద్దె ఎవరిదో రాయించు. నీ డ్రైవరు తప్ప ఇంకెవరూ స్టీరింగు పట్టకూడదు. పడితే రాతపూర్వక ఆర్డరు ఉండాలి, నష్టం డిపార్ట్‌మెంటుది. టోల్ సంగతి కూడా అంతే. మినహాయింపు ఫాస్టాగ్ వాళ్లు తెచ్చివ్వాలి, లేకపోతే నీ ఖాతాలో కట్ అయినంత తిరిగివ్వాలి.

డబ్బుల విషయం. "నిధులు విడుదలైన తర్వాత చెల్లింపు" అన్న వాక్యం చాలా ప్రమాదం. ఐదో తారీఖున బిల్లు, వారంలో ధ్రువీకరణ, 45 రోజుల్లో చెల్లింపు అని మార్చమను. అగ్రిమెంటు మీద సంతకానికి ముందే చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించి ఆ నంబరు ప్రతి బిల్లు మీద వేయి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ అడగొచ్చు. అయినా మూడు నెలల జీతాలు, డీజిల్‌కి సరిపడా డబ్బు చేతిలో లేకుండా దిగొద్దు.

కాంట్రాక్టు ఏడాదికే, నీ బండి లోను ఐదేళ్లకు. నెల నోటీసుతో రద్దు చేస్తామంటున్నారు. కనీసం 90 రోజులు అడుగు. కుదరదంటే కొత్త బండ్లు కొనకు, రెండు మూడేళ్లవి ఒప్పుకుంటారేమో కనుక్కో. పని ఇస్తామన్న ఉత్తరం చూసి షోరూముకు వెళ్లొద్దు, సంతకమైన అగ్రిమెంటు చేతికొచ్చాకే అడ్వాన్సు కట్టు.

ఇవన్నీ సంతకమయ్యాక అడిగితే ఎవరూ మార్చరు. బిడ్లు వేసే ముందు సందేహాలు అడిగే ప్రీ-బిడ్ మీటింగుకు ఇంకా టైముంది. ఒక్కో షరతుకూ క్లాజు నంబరు, వాళ్లు రాసిన వాక్యం, నువ్వు కోరే వాక్యం పక్కపక్కన రాసి మెయిల్ చెయ్యి, కాగితం మీద కూడా ఇచ్చి రసీదు ముద్ర వేయించుకో. నోటిమాటగా "చూద్దాంలే" అంటే లెక్కలోకి రాదు, సవరణ కాగితం అధికారికంగా రావాలి. అది వచ్చాక నాకు పంపు, రేటు అప్పుడు కూర్చుని వేద్దాం.

ఇట్లు,
మీ మామయ్య